లెక్కలు మైనర్‌గా ఎలా చదవాలి? ఎప్సిలాన్ దగ్గర బోల్తా పడకుండా

మా అనంతపురంలో ఏటా ఇదే కథ. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 160 బిట్లలో 80 లెక్కలవే కాబట్టి వాటితోనే ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు, బీటెక్‌లో మైనర్ (మెయిన్ బ్రాంచితో పాటు పక్కన చదివే రెండో సబ్జెక్టు) ఎంచుకోమనగానే "లెక్కలైతే మనకు వచ్చిందే కదన్నా" అని టిక్కు పెట్టేస్తారు. మొదటి మిడ్ పేపర్ చేతికి వచ్చాక మొహాలు వేలాడేసుకుని నా గదికి వస్తారు. నేను ఈసీఈ చదువుతూ లెక్కలు పక్కన పెట్టుకుని చదివినవాణ్ణి, ఆ తర్వాత కొన్నేళ్లుగా జూనియర్లకు చెబుతున్నవాణ్ణి. అందరూ పడేది ఒకే గుంతలో. అందుకే ఇది రాస్తున్నా.

కాగితాల పని ముందు చూసుకోండి. ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యను చూసే మండలి) పద్ధతిలో బీటెక్‌కు 160 క్రెడిట్లు, మైనర్ కావాలంటే దానిపైన ఇంకో 18 నుంచి 20. అంటే మామూలు సబ్జెక్టుల్లో ఒక్కటీ తగ్గదు, ఇది నెత్తిమీద అదనపు మూట. డిగ్రీవాళ్లకు కథ వేరు, మేజర్‌తో పాటే మైనర్ కూడా కోర్సులో భాగం. ఏ సబ్జెక్టులు, ఎప్పుడు, ఎంత సీజీపీఏ ఉండాలి అనేవి మీ కాలేజీ రెగ్యులేషన్స్‌లో చదువుకోండి, సీనియర్ నోటిమాట నమ్మొద్దు. వాడి బ్యాచ్ రూల్స్ మీకు వర్తించకపోవచ్చు.

సామాను: రూళ్ల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి, పెన్ను. పెన్సిల్ వద్దు. పెన్సిల్‌తో రాసేవాడు తప్పు చెరిపేస్తాడు, ఎక్కడ తప్పిందో రేపటికి గుర్తుండదు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ రఫ్, కుడి పేజీ ఫెయిర్. ఈ రూల్ ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక ఏ కోర్సులు తీసుకోవాలి? సీఎస్‌ఈ అయితే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, గ్రాఫ్ థియరీ. ఈసీఈ, ఈఈఈ అయితే ప్రాబబిలిటీ, కాంప్లెక్స్ అనాలిసిస్. మెకానికల్, సివిల్ వాళ్లకు పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, న్యూమరికల్ మెథడ్స్. కెమిస్ట్రీ పిల్లలు గ్రూప్ థియరీ చదివితే అణువుల సిమెట్రీ చాప్టర్ బట్టీ కొట్టే బాధ తప్పుతుంది. కానీ ఎవరైనా సరే, మొదటి కోర్సు రియల్ అనాలిసిసే (కాలిక్యులస్‌ను రుజువులతో సహా చదివేది) కావాలి. చాలామంది లీనియర్ ఆల్జీబ్రాతో మొదలుపెట్టమంటారు, నేను ఒప్పుకోను. అందులో మాత్రికలు గుణించి, ఐగన్ వాల్యూలు కట్టి, ఒక్క రుజువు కూడా రాయకుండా పాస్ అయిపోవచ్చు. అలా పాసైనవాడు తర్వాతి సెమిస్టర్‌లో ఇంకా గట్టిగా పడతాడు. పడేదేదో ముందే పడితే లేచే టైమ్ ఉంటుంది.

ఇప్పుడు అసలు మెట్టు, రుజువు రాయడం. ఇంటర్‌లో మనకు నేర్పింది ఆన్సర్ కనుక్కోవడం. ఇక్కడ ఆన్సర్ ప్రశ్నలోనే ఉంటుంది, "ఎందుకు నిజమో చూపించు" అంటారు. "ఆన్సర్ వచ్చింది కదన్నా, మార్కులు ఎందుకు కోశారు?" అని అడిగితే అర్థం, ఈ మెట్టు ఇంకా ఎక్కలేదని.

ఒక్క ఉదాహరణ తీసుకుంటా, దీన్ని మాత్రం తొందరపడకుండా చదవండి. ఎక్స్ 2 దగ్గరికి వెళ్తే ఎక్స్ స్క్వేర్ అవధి (లిమిట్) 4. ఇంటర్‌లో 2 ప్రతిక్షేపించి 4 అని రాసి పక్కకు పోయేవాళ్లం. ఇక్కడ నిర్వచనం ఇలా ఉంటుంది: మీరు సున్నా కంటే పెద్దదైన ఎప్సిలాన్ అనే సంఖ్య ఎంత చిన్నది ఇచ్చినా, నేను దానికి సరిపడే, సున్నా కంటే పెద్దదైన డెల్టా అనే ఇంకో సంఖ్య ఇవ్వగలను, ఎక్స్ 2 కాకుండా, 2కి డెల్టా కంటే దగ్గరగా ఉంటే చాలు, ఎక్స్ స్క్వేర్ 4కి ఎప్సిలాన్ కంటే దగ్గరగా ఉంటుంది. పుస్తకం మూసి దీన్ని మీ మాటల్లో రాయండి. ఒక్క ముక్క జారినా మళ్లీ మొదటి నుంచి. వారం పట్టినా ఫర్వాలేదు.

ఇందులో మాటల వరస చాలా ముఖ్యం. "ప్రతి తాళానికీ ఒక చెవి ఉంది" అనడం వేరు, "ఒక చెవి ఉంది, అది ప్రతి తాళానికీ పడుతుంది" అనడం వేరు. రెండోది నిజమైతే ఊళ్లో దొంగలకు పండగే. "ప్రతి ఎప్సిలాన్‌కీ ఒక డెల్టా" అనేది మొదటి రకం. పేపర్లో వరస తిప్పి రాస్తే మార్కులు పోయినట్టే, పోవాలి కూడా.

ఇప్పుడు ఎడమ పేజీ. ఎక్స్ స్క్వేర్‌కీ 4కీ తేడా అంటే (ఎక్స్ మైనస్ 2) ఇంటూ (ఎక్స్ ప్లస్ 2). మొదటిది డెల్టా కంటే చిన్నది, అది మన చేతిలో ఉంది. రెండోది ఇబ్బంది పెడుతుంది. ఇక్కడే పదిమందిలో తొమ్మిదిమంది "డెల్టా = ఎప్సిలాన్ బై (ఎక్స్ ప్లస్ 2)" అని రాసేసి సంతోషంగా అండర్‌లైన్ కొడతారు. తప్పు! డెల్టా ముందు ఇవ్వాలి, ఎక్స్ తర్వాత వస్తుంది. ఇంకా రాని చుట్టానికి కొలతలు తీసి చొక్కా కుట్టినట్టుంటుంది ఆ డెల్టా.

మరేం చేయాలి? డెల్టా 1 దాటకూడదు అని మనమే ఒక కంచె వేసుకోవాలి. అప్పుడు ఎక్స్ 1కీ 3కీ మధ్యే ఉంటుంది, కాబట్టి ఎక్స్ ప్లస్ 2 ఎప్పుడూ 5 కంటే తక్కువే. ఇంక తేడా 5 డెల్టా లోపే, అది ఎప్సిలాన్ దాటకూడదంటే డెల్టా ఎప్సిలాన్ బై 5 ఉంటే చాలు. "1 ఎందుకు, అర ఎందుకు కాదు?" అని అడుగుతారు. అర కూడా వేయొచ్చు, అప్పుడు 5 బదులు 4.5 వస్తుంది. నేను 1 వేస్తా, మీరూ 1 వేయండి.

కుడి పేజీలో మాత్రం ఇదంతా తలకిందులు అవుతుంది. "ఎప్సిలాన్ ఇచ్చారనుకుందాం. 1, ఎప్సిలాన్ బై 5, ఈ రెండింటిలో చిన్నదాన్ని డెల్టా అనుకుందాం" అని మొదలుపెట్టి, చివరికి తేడా ఎప్సిలాన్ కంటే తక్కువ అని ముగించాలి. రఫ్‌లో వెతికిన దారి పేపర్లో పెట్టకూడదు. ఆ "చిన్నది" అన్న మాట కూడా వదలొద్దు. ఎప్సిలాన్ 100 ఇచ్చారనుకోండి, దాన్ని 5తో భాగిస్తే 20. కంచె లేకపోతే ఎక్స్ 21 అయినా చెల్లుతుంది, అయితే 21 స్క్వేర్ 441, తేడా 437. రుజువు మొత్తం కూలిపోయింది. నమ్మకం కుదరకపోతే ఎప్సిలాన్ 0.1 పెట్టి చూడండి, డెల్టా 0.02. 2.019 స్క్వేర్ చేస్తే 4.076 చిల్లర, తేడా 0.1 లోపలే ఉంది. ఇలా అంకెలు వేసి చూసుకోవడం రుజువు కాదు గానీ, మనకు ధైర్యం ఇస్తుంది.

ఇది ఒక్క రాత్రిలో ఎక్కలేదని బాధపడకండి. న్యూటన్, లైబ్నిజ్ 1600ల చివర్లో కాలిక్యులస్ కనిపెడితే, అవధి అంటే ఏమిటో కోషీ 1821లో కాస్త పద్ధతిగా చెప్పాడు, మనం వాడే ఎప్సిలాన్ డెల్టా భాషను వయర్‌స్ట్రాస్ ఆ తర్వాత స్థిరపరిచాడు. మహామహులకే నూట యాభై ఏళ్లు పైన పట్టింది, మీకు ఒక సెమిస్టర్ పడితే నామోషీ ఏముంది?

రోజుకు ఒక్క రుజువు, అంతే. పది చదవొద్దు, ఒకటి పుస్తకం మూసి రాయండి. వీడియోలు రెండింతల స్పీడులో చూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఉగ్గాని చేయడం చూసినంత మాత్రాన బొరుగులు ఎంతసేపు నాననివ్వాలో చేతికి తెలియదు. కాలేజీ ఒప్పుకుంటే కొన్ని క్రెడిట్లు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీలవాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) చేసుకోవచ్చు, 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్ ఆన్సర్లు గ్రూపుల్లో దొరుకుతాయి, కాపీ కొట్టి 25కి 24 తెచ్చుకుని పరీక్షలో 22 దగ్గర ఆగినవాళ్లను చూశాను.

గేట్ (ఎంటెక్ సీట్ల కోసం రాసే పరీక్ష) రాసేవాళ్లకు చాలా బ్రాంచుల పేపర్లలో ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్‌కు 13 మార్కులు, మైనర్ చదివితే వాటికి విడిగా కోచింగ్ అక్కర్లేదు. నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో మాత్రం కష్టమైన కోర్సు పెట్టుకోవద్దు. ప్లేస్‌మెంట్ల టెన్షన్, ప్రాజెక్టు అన్నీ అప్పుడే మీద పడతాయి. న్యూమరికల్ మెథడ్స్ లాంటిది దానికోసం దాచిపెట్టుకోండి, కాల్‌క్యులేటర్‌లో బ్యాటరీ ఉందో లేదో చూసుకుంటే సగం పని అయినట్టే.