1998 గ్రాఫ్ గొడవ: మీరే లెక్కేసి తేల్చుకునే పద్ధతి

భూమి వేడెక్కుతోందా లేదా అని వాదన ముదిరితే ఎవరో ఒకరు "1998 తర్వాత వేడి పెరగలేదు, ఇదిగో గ్రాఫ్" అని బయటికి తీస్తారు. అవతలివాళ్లు ఇంకో గ్రాఫ్ తెచ్చి మొహాన కొడతారు. చాలాసార్లు ఇద్దరి అంకెలూ నిజమైనవే. తిరకాసంతా గీత ఏ ఏడు దగ్గర మొదలుపెట్టారన్న దాంట్లోనే ఉంటుంది. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే అరగంటలో తేలిపోయే లెక్క ఇది.

ముందు నాసా వాళ్ల గిస్టెంప్ (GISTEMP) ఉష్ణోగ్రతల పట్టిక దించుకోండి. నేల, సముద్రం కలిపి లెక్కగట్టిన ప్రపంచ సగటు ఫైలే కావాలి, సీఎస్‌వీ (CSV) రూపంలో. నేల స్టేషన్లవి మాత్రమే తీసుకున్న లెక్కా ఒకటి ఉంటుంది. అందులో పెరుగుదల ఎక్కువ కనిపిస్తుంది. పొరపాటున అది వాడారో, అవతలివాళ్లకు అడ్డంగా దొరికిపోతారు.

ఫైల్ తెరిస్తే మొదటి వరుస పేరు, రెండోది శీర్షికలు, మూడో వరుసలో 1880. అంటే సంవత్సరంలోంచి 1877 తీసేస్తే వరుస నంబర్ వస్తుంది: 1998 ఉండేది 121లో, 2012 ఉండేది 135లో. A కాలమ్‌లో సంవత్సరం, N కాలమ్‌లో జనవరి నుంచి డిసెంబర్ దాకా సగటు. పక్కనున్న O కాలమ్ డిసెంబర్ నుంచి నవంబర్ లెక్క, దాని జోలికి పోవద్దు. ఈ అంకెలు ఉష్ణోగ్రతలు కావు, 1951–1980 సగటు కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువో తక్కువో చెప్పేవి. నడుస్తున్న ఏడాది వరుసలో నక్షత్రం గుర్తులు (***) ఉంటాయి, దాన్ని వదిలేయండి.

ఖాళీ గడిలో స్లోప్ (SLOPE) ఫంక్షన్ రాయండి, గీత ఎంత వాలుగా పెరుగుతోందో చెప్పేది ఇదే. ముందు N121:N135, కామా పెట్టి A121:A135, చివర్లో 10తో గుణించండి: =SLOPE(N121:N135,A121:A135)*10. వచ్చేది పదేళ్లకు ఎన్ని డిగ్రీలు అన్న వేగం. క్రమం తిరగేసి సంవత్సరాలు ముందు పెడితే పదుల్లోనో వందల్లోనో వింత అంకె వస్తుంది. అందరూ చేసే తప్పు ఇదే.

1998–2012కి దాదాపు 0.13 వస్తుంది. మొదలు ఒక్క ఏడు జరిపి 1999 నుంచి లెక్కిస్తే దాదాపు 0.17. అదే 2002 నుంచి 2012 దాకా తీస్తే 0.04కి పడిపోతుంది. పట్టిక నెలనెలా సవరిస్తుంటారు కాబట్టి చివరి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. 1997–98లో బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కంటే వేడెక్కడం) వచ్చి 1998ని ఎత్తుకు తోసింది, ఆ వెంటనే లా నినా (అవే నీళ్లు చల్లబడటం) 1999, 2000లను కిందికి లాగింది. గుట్ట మీద మొదలుపెట్టి నడిస్తే దారి చదునుగానే కనిపిస్తుంది మరి.

ఇదే మాయ రెండోవైపూ పనిచేస్తుంది, భూమి వేడెక్కుతోందని నమ్మేవాళ్లు దీన్ని మర్చిపోతారు. 2011–2016 తీసి చూడండి, పదేళ్లకు దాదాపు 0.8 డిగ్రీలు! అదీ ఎల్ నినో చలవే. ఇప్పుడు 1970 నుంచి 2024 దాకా, అంటే 93 నుంచి 147 వరుసలు తీయండి. దాదాపు 0.2 వస్తుంది. ఈ వేగంతో ఏడాదికి పెరిగేది 0.02 డిగ్రీ. ఎల్ నినో, లా నినాలు ఏడాదికేడాది 0.1, 0.2 దాకా ఊపేస్తాయి. పదేళ్ల గీతలో ఆ ఊపే పైచేయి అవుతుంది. కనీసం 30 ఏళ్లు తీసుకోమనేది అందుకే.

వాదనకు దిగేముందు మొదలు, ముగింపు ఏళ్లు ఇద్దరూ ఒప్పుకోండి. లెక్క వచ్చాక ఏళ్లు మార్చడం కుదరదని ముందే చెప్పండి. దీనికి ఒప్పుకోని మనిషితో వాదన అక్కడికి ఆపేయడమే మేలు.

"నాసా అంకె ఒకటి, బ్రిటన్ వాళ్ల అంకె ఇంకొకటి, చూశారా మోసం" అనే మాటా వస్తుంది. బ్రిటన్ వాళ్ల ఉష్ణోగ్రత పట్టిక హాడ్‌క్రట్ (HadCRUT) 1961–1990 సగటుతో పోలుస్తుంది, తేడాలో ఎక్కువ భాగం అదే. రెండు పట్టికల్లోనూ 1981–2010 సగటు కట్టి ప్రతి అంకెలోంచి తీసేయండి, గీతలు దాదాపు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఉపగ్రహాలతో కొలిచిన యూఏహెచ్ (UAH) పట్టికను మాత్రం వీటితో కలపొద్దు. అది కొలిచేది నేలమీది గాలిని కాదు, వాతావరణపు కింది పొరను. 1998 శిఖరం అందులో ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది, సందేహించేవాళ్లకు అది ఇష్టమైన గ్రాఫ్ కావడానికి కారణం అదే.

"పాత అంకెలు దిద్దారు" అంటే నిజమే, దిద్దారు. పూర్వం ఓడల్లో బకెట్‌తో సముద్రపు నీళ్లు తోడి కొలిచేవారు. పైకి లాగేలోపు ఆవిరై నీళ్లు చల్లబడేవి కాబట్టి ఆ అంకెలను పైకి సవరించారు. పాత రోజులు కాస్త వెచ్చబడ్డాయంటే, ప్రపంచం మొత్తం మీద శతాబ్దపు పెరుగుదల సవరణ తర్వాత తగ్గిందే తప్ప పెరగలేదు. ఈ ముక్క ముందే చెప్పేయండి, సగం వాదన చల్లబడుతుంది.

మనవైపు ఇంకో తప్పు జరుగుతుంటుంది. రెంటచింతలలో ఒకరోజు ఎండ మండితే రుజువంటారు, జనవరిలో లంబసింగి గడ్డకడితే అబద్ధమంటారు. ఒక ఊరు, ఒక రోజు ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునిగినప్పుడు బుడమేరు గట్లకు పడిన గండ్ల సంగతి పక్కనపెట్టి అంతా వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే, ఎదుటివాళ్లు గండ్ల ఫొటో పెట్టి మీ నోరు మూయిస్తారు.

గ్రాఫ్ బయటపెట్టేటప్పుడు కింద నాలుగు మాటలు రాయండి: ఏ పట్టిక, ఏ రోజు దించుకున్నారు, ఏ ఏళ్ల సగటుతో పోల్చారు, గీత ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా. షీట్‌ను అందరూ చూసేలా తెరిచి ఉంచండి.