చెరువు ఎండగట్టినా సక్కర్ చేప మళ్లీ వస్తోందా? ముందు గట్టు చూడండి

సమస్య: బొచ్చె, శీలావతి పెంచే చెరువులో వల లాగితే ఒంటినిండా గట్టి పలకలున్న సక్కర్ చేపలు, అంటే మన రైతులు దెయ్యం చేపలనేవి, పడుతున్నాయి. వాటి ముళ్లకు వలలు చిరుగుతున్నాయి. చెరువు ఎండగట్టి, ఇప్ప చెక్క (నూనె తీశాక మిగిలే ఇప్పగింజల పిండి, చేపలను చంపుతుంది) వేసి, కొత్త నీరు పెట్టినా కొన్నాళ్లకు అవే కనిపిస్తున్నాయి.

అసలు కారణం: చాలాసార్లు అవి బయటి నుంచి రావడం లేదు, గట్టులోనే ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిన ఈ చేప నీటి అంచున గట్టును తొలిచి, అర మీటరు నుంచి మీటరు లోతు వరకు బొరియ చేసుకుంటుంది. ఆడచేప అందులో గుడ్లు పెడితే మగచేప కాపలా కాస్తుంది. నీరు తీసేసినప్పుడు పెద్ద చేపలు ఆ తడి మట్టిలోనే ఉండిపోతాయి. గాలిని మింగి శ్వాసించగలవు కనుక గంటల తరబడి నీరు లేకున్నా చావవు. చెరువు అడుగు నెర్రెలిచ్చింది కదా అని నీరు పెట్టేవారు గట్టును చూడనే చూడరు. నీటిలో కలిపిన ఇప్ప చెక్క నీటి మట్టానికి పైనున్న బొరియను చేరదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. గట్టు అకారణంగా కారుతున్నా, ఒకచోట కూలుతున్నా ముందు అనుమానించవలసింది ఈ బొరియలనే.

గుర్తించే తీరు: నీటిని సగానికి దించిన రోజే గట్టు చుట్టూ నడవండి. ఎండ్రకాయ కన్నం చిన్నది, గుండ్రనిది. సక్కర్ చేప బొరియ నోరు దాదాపు జానెడు వెడల్పుంటుంది, పక్కపక్కనే గుంపుగా కూడా ఉంటాయి. నిటారుగా ఉన్న మెత్తని మట్టి గట్టున మరీ శ్రద్ధగా చూడాలి.

పరిష్కారం: బొరియలో చెయ్యి పెట్టి లాగకండి. చేప ముళ్లు విప్పి గోడలకు అదిమిపెట్టుకుంటుంది. అది రాదు సరికదా, అరచెయ్యి చీరుకుపోతుంది. పారతో బొరియ చివరిదాకా తవ్వి, చేపనూ గుడ్లనూ తీసి, ఆ చోటును బంకమట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చండి. నోటి దగ్గర మాత్రమే మట్టి కూరితే గట్టు లోపల డొల్లగానే మిగిలి, మొదటి వానకే కూలుతుంది. వాలు తగ్గించి గట్టుపై గడ్డి పెంచితే మళ్లీ తొలవడం కష్టమవుతుంది.

గట్టు శుభ్రంగా ఉన్నా చేపలు వస్తుంటే తూము చూడండి: సన్నని జాలి లేని తూము గుండా కాలువ నీటితో పిల్లలు వస్తాయి. కొనే చేప విత్తనాన్ని, అంటే చేపపిల్లలను, తెల్లని పళ్లెంలో పోసి సక్కర్ పిల్లలు కలిశాయేమో చూసుకోండి. పక్షులు గుడ్లు మోసుకొస్తాయన్న మాటను పట్టించుకోనవసరం లేదు.

పట్టిన చేపలను కాలువలోకి విసరకండి. గట్టున గంటలకొద్దీ బతికి మళ్లీ నీటిలోకి జారగలవు కనుక, చచ్చాయని నిర్ధారించుకున్నాకే నీటికి దూరంగా లోతైన గోతిలో పాతిపెట్టండి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశోధకులు నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా ఈ చేప ఉనికిని పసిగట్టే పరీక్షను రూపొందించి, తూర్పు కనుమలలో తాము పరీక్షించిన నీటి వనరుల్లో సుమారు 60 శాతంలో దాని జాడ గుర్తించారు. ఇంట్లో అద్దాల తొట్టెలో నాచు తింటుందని తెచ్చిన వేలెడు చేప అడుగు దాటి పెరిగాక, దానిని ఊరి చెరువులో వదిలిన ఫలితమిది. అలా పెరిగినదాన్ని దుకాణానికే తిరిగి ఇవ్వండి.