బడి సంగీత నాటకానికి కదిలే సెట్లు – 3వ పాఠం: మూడు ముఖాల స్తంభం

పోయిన పాఠంలో వేదికను కొలిచి, అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున కాగితం మీద గీయమన్నాను. ఆ కాగితం బయటికి తీయండి. మన నాటకంలో మూడు రంగాలు: ఊరి వీధి, అడవి, రాజసభ. పాట ఆగకూడదు, రంగం మాత్రం మారాలి.

సురభి నాటక సమాజం వారు 1885 నుంచీ చిత్రించిన తెరలతో ప్రేక్షకులను అబ్బురపరుస్తూనే ఉన్నారు. అయితే తెర పైకి లేవాలంటే ఎత్తు కావాలి, తాళ్ళు కావాలి. మన బడుల వేదికల మీద సాధారణంగా ఉండేది శ్లాబు, దానికి వేలాడే ఫ్యాను. కాబట్టి లేపడం మానేసి తిప్పుదాం. ప్రాచీన గ్రీకులు మూడు ముఖాల దిమ్మెలను తిప్పి రంగం మార్చేవారని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. మనమూ అవే చేయబోతున్నాం. 4 అడుగుల వెడల్పుతో నాలుగు స్తంభాలు పక్కపక్కన నిలిపితే 16 అడుగుల బొమ్మ అవుతుంది. ఒక్కో ముఖం మీద ఒక్కో రంగం.

చెక్క కోసే ముందు అట్టతో చూడండి. 4 సెంటీమీటర్ల భుజంతో రెండు సమబాహు త్రిభుజాలు కత్తిరించి, సరిగ్గా నడిమధ్య గుండుసూది గుచ్చి, భుజాలు ఒకే గీత మీద, మూలలు ఒకదానికొకటి ఆనేలా కాగితం మీద పెట్టండి. ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని తిప్పండి. తగలదు! రెండింటినీ ఒకే వైపుకు, ఒకే వేగంతో తిప్పండి. అప్పుడూ తగలదు. ఇప్పుడు ఒకదాన్ని ఎడమకు, ఇంకోదాన్ని కుడికి తిప్పండి. మూలలు ఢీకొంటాయి. కేంద్రం నుంచి మూలకు దూరం భుజంలో 0.577 వంతు, అంటే మన స్తంభానికి 2.31 అడుగులు. రెండు మూలలు ఎదురుపడితే 4.62 అడుగుల చోటు కావాలి, ఉన్నదేమో 4 అడుగులే. ఒకటి సగంలో ఇరుక్కుపోగా పక్కది ముందుకు సాగినా ఇదే గొడవ. ఈ అట్టల ఆట స్తంభాలు తిప్పబోయే పిల్లల చేత కూడా ఆడించండి. నేను పది నిమిషాలు ఉపన్యసించినా ఎక్కని విషయం వాళ్ళకు అర నిమిషంలో ఎక్కింది.

నిజం స్తంభాలకు గుండుసూది ఉండదు కదా, తిరుగుతూ అటూ ఇటూ జరుగుతాయి. అందుకని నడుమ రెండు అంగుళాల సందు వదిలి, వెనక నల్లగుడ్డ వేలాడదీయండి.

ఇక వడ్రంగం. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటులో ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా గీస్తే మూడు త్రిభుజాలు వస్తాయి. రంపపు కోతకు పోను భుజం కాస్త తగ్గుతుంది, ఫరవాలేదు. స్తంభానికి అడుగున ఒకటి, పైన ఒకటి చొప్పున ఎనిమిది త్రిభుజాలకు మూడు షీట్లు చాలు. 18 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. ముఖాలకు ప్లైవుడ్ వద్దు, బరువు. రీపర్లతో, అంటే సన్నని చెక్క బద్దలతో, చట్రం కట్టి, మూలమట్టంతో మూలలు సరిచూసి, కోరా గుడ్డ బిగించండి. గుడ్డను మరీ లాగకండి. జిగురు నీళ్ళు పూయగానే అది ముడుచుకుంటుంది. ముందే బిర్రుగా ఉంటే చట్రమే మెలి తిరుగుతుంది.

చక్రాలు మూడే, మూలకొకటి, అన్ని వైపులకూ తిరిగేవి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. నాలుగు చక్రాలు పెడితే ఒకటి గాలిలో తేలుతుంది. ఒక్కో చక్రం స్తంభం బరువులో సగమైనా మోయగలగాలి. అడుగున ఇసుక సంచి కట్టడం మరవకండి. ఎనిమిది అడుగుల స్తంభాన్ని పైభాగంలో నెడితే పిల్లల మీదికే ఒరుగుతుంది.

చట్రాలను మేకులతో కాక బోల్టులతో బిగించండి, అదీ వేదిక మీదే. ఒక బడిలో నేను తరగతి గదిలోనే స్తంభాలన్నీ ముచ్చటగా పూర్తి చేశాను. ప్రదర్శన ముందు రాత్రి చూస్తే అవి తలుపులో పట్టవు. మేకులు పీకుతూ తెల్లవార్చాం. అప్పటి నుంచి నా టేపు ముందు కొలిచేది వేదికను కాదు, తలుపును.

తిప్పడం పాటతోపాటే నేర్పాలి. అన్నీ ప్రదక్షిణంగానే, వృత్తంలో మూడో వంతు. రెండు ఆవర్తనాల (తాళం చుట్ల) ఆదితాళం, అంటే 16 అక్షరకాలాలు (తాళం లెక్కలు) ఇవ్వండి. మొదటి ఆవర్తనంలో సగం తిరగాలి, రెండో దాని చివరి అక్షరానికి ఆగాలి. ఆగే చోట మూలల కింద నేల మీద రంగు టేపు ముక్కలు అంటించండి. ఎవరిదైనా ఇరుక్కుంటే "ఆగు" అని ఒక్కరే అరవాలి, అందరూ చేతులు తీసేయాలి. పాట సాగనివ్వండి.

వచ్చే పాఠానికి ఒక స్తంభం మాత్రం కట్టి ఉంచండి, గుడ్డకు జిగురు నీళ్ళు పూసి ఒక రోజు ఆరనివ్వండి. రంగులు అప్పుడు మొదలుపెడదాం, ముందుగా అడవి ముఖం.