హోస్ట్స్ ఫైలు ఎక్కడుంది, ఎలా మార్చాలి

అందరికీ తెరుచుకుంటున్న వెబ్‌సైటు ఒకటి నా కంప్యూటర్లో మాత్రం రెండు రోజులు మొరాయించింది. వైఫై ఆపి మళ్లీ వేశాను, బ్రౌజర్ మార్చాను. తీరా చూస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పుడో ఏదో టెస్టింగ్ కోసం హోస్ట్స్ ఫైల్లో నేనే ఒక లైను రాసి మర్చిపోయాను. ఈలోగా సైటు వేరే సర్వర్‌కి మారిపోయింది. నా కంప్యూటర్ మాత్రం పాత అడ్రసుకే వెళ్లి తలుపు కొడుతోంది.

ఏ సైటు పేరుకి ఏ ఐపీ అడ్రసో (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తించే అంకెలు) రాసి ఉండే చిన్న చిట్టా ఈ ఫైలు. 1983లో డీఎన్‌ఎస్ (సైటు పేరు అడిగితే దాని అడ్రసు చెప్పే ఏర్పాటు) రాకముందు నెట్‌వర్క్ మొత్తానికీ ఇలాంటి చిట్టాయే ఆధారం. ఇప్పటికీ కంప్యూటర్ మొదట దీన్నే నమ్ముతుంది.

విండోస్‌లో దీని చోటు: సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, చివర్లో ఈ-టీ-సీ అని మూడక్షరాల ఫోల్డర్. అక్కడ hosts అనే ఫైలు కనిపించకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ నొక్కండి (విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఉంటుంది). దాచిన ఫైళ్లు కాస్త వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అక్కడే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి కూడా టిక్ పెట్టండి, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి పెట్టుకోండి.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి మార్చేద్దాం అనుకుంటే కుదరదు. అన్నీ రాశాక సేవ్ దగ్గర పర్మిషన్ లేదంటుంది. స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ అని వెతికి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. తర్వాత ఫైల్, ఓపెన్, ఆ ఫోల్డర్. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. కింద కుడివైపు టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్న చోట ఆల్ ఫైల్స్ అని మార్చండి, బయటపడుతుంది.

లోపల హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే లైన్లు ఉత్త వ్యాఖ్యలు, వాటిని కంప్యూటర్ పట్టించుకోదు. కొత్త లైను రాయాలంటే ముందు ఐపీ అడ్రసు, ఒక స్పేసు, ఆ తర్వాత సైటు పేరు. ఒక సైటు తెరుచుకోకుండా చేయాలంటే 127.0.0.1 రాసి పక్కన దాని పేరు రాస్తే చాలు, ఆ అడ్రసు మీ కంప్యూటర్‌దే కాబట్టి. సైటు పేరుకి ముందు హెచ్‌టీటీపీలూ స్లాష్‌లూ పెట్టకండి. అక్కర్లేని లైను తుడిచేసే బదులు దాని ముందు హ్యాష్ పెట్టండి. మనసు మారితే ఆ గుర్తు తీసేయొచ్చు.

ఇక అసలు గొడవ సేవ్ దగ్గర. సేవ్ యాజ్ నొక్కితే నోట్‌ప్యాడ్ చప్పుడు చేయకుండా పేరు చివర టీఎక్స్‌టీ తోక తగిలిస్తుంది. అప్పుడు ఫోల్డర్‌లో రెండు ఫైళ్లుంటాయి, మీరు రాసింది పనికిరాని దాంట్లో ఉంటుంది. ఇందాక పెట్టిన టిక్ వల్ల ఆ తోక కనిపిస్తుంది. మామూలు సేవ్ మాత్రమే వాడండి. అయినా ఒప్పుకోకపోతే ఫైల్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ, హిడెన్ టిక్కులు తీసేసి చూడండి.

బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అప్పటికీ పాత చోటికే పోతుంటే ఒకసారి రీస్టార్ట్ చేయండి. నేనైతే ఇప్పుడు కొత్త లైను రాసినప్పుడల్లా పైన హ్యాష్ పెట్టి తేదీ, ఎందుకు రాశానో కూడా రాసుకుంటున్నాను.