బస్తా ఎత్తే పని నడుముది కాదు, పిరుదులది

కూర్చోడానికే అనుకుంటాం గానీ, ఒంట్లోకెల్లా పెద్ద కండ పిరుదులోనే ఉంది. కోనసీమ కళ్లంలో 75 కిలోల ధాన్యం బస్తా ఎత్తే పని దానికే అప్పగించాలి.

నడుములో 5 పూసలు, మధ్యలో మెత్తని డిస్కులు. జారేవి ఎక్కువగా అట్టడుగు రెండే. వంగి, బరువుతోనే పక్కకి తిరిగితే డిస్కులోని గుజ్జు వెనక్కి తోసుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. నొప్పి పిక్కదాకా పాకుతుంది.

ఇద్దరు పట్టండి. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లూ తుంటీ వంచి, బస్తాని ఒంటికి ఆనించుకుని లేవండి. తిరగాలంటే పాదాలు కదపండి. ఊడ్పుల్లో గంటల తరబడి వంగినవాళ్లు గట్టెక్కగానే బరువెత్తకూడదు, కాసేపు నిటారుగా నడవాలి.

నడుము పట్టేస్తే రోజుల తరబడి మంచమెక్కొద్దు, మెల్లగా తిరుగుతుండండి. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.