చైనా కౌజు జతను ఏవియరీలో (పిట్టల్ని పెంచే పెద్ద జాలీ గదిలో) వదిలే ముందు

బెదిరితే ఈ పిట్ట నిట్టనిలువునా ఎగిరి తల పగలగొట్టుకుంటుంది. కప్పు కింద మెత్తటి వల వదులుగా కట్టండి. రాత్రిళ్లు పిల్లులు తిరిగే చోటైతే మరీ ముఖ్యం.

నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు నింపండి. పిల్లలు తుమ్మెదంతే ఉంటాయి, కాస్త లోతున్నా మునిగిపోతాయి.

అడుగున జాలీకి సందులుంటే మూసేయండి. పిల్లలు దూరి బయటపడతాయి.

ఒక్క జతే. రెండో మగది ఉంటే పోట్లాటే.

గడ్డి దుబ్బుల చాటు ఉండాలి. లేకపోతే పెట్ట గుడ్లు ఎక్కడపడితే అక్కడ వదిలేస్తుంది, పొదగదు. పొదిగితే మాత్రం సుమారు 16 రోజులకే పిల్లలు. స్టార్టర్ మేత (పిల్లలకు తొలి రోజుల్లో పెట్టే దాణా) మెత్తగా నూరి ముందే ఉంచుకోండి.

ఇది మన దేశపు అడవి పిట్ట కూడా. వలేసి పట్టినవి కొనకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.