పాము పేరు విప్పడం ఎలా

వానలు పడ్డాయంటే ఉప్పల్ వైపు నుంచి నాకు ఫోన్లు మొదలు. పాములు పట్టడం నా ఉద్యోగం కాదు, పదేళ్ల పిచ్చి. "అన్నా, కట్లపాము వచ్చింది, జల్ది రా" అంటారు. నేను అడిగేది ఒకటే: "కట్లు తల దిక్కున్నయా, తోక దిక్కా?"

పేరు విప్పడం అక్కడే మొదలుపెట్టండి. 'పాము' అన్న మాట పక్కన పెట్టి, మిగిలింది దేన్ని చూపిస్తోందో చూడండి. కట్లంటే ఒంటిమీది తెల్లటి అడ్డపట్టీలు. అసలు కట్లపాముకి అవి తల వెనక కొంత దూరం వదిలి మొదలై, తోక వైపు బాగా తేలతాయి. తల దగ్గర తేలి తోకకొచ్చేసరికి మాసిపోతే, చాలావరకు విషం లేని తోడేలు పాము. (దగ్గరికెళ్లి చూడొద్దు. దూరం నుంచి ఫోటో చాలు.)

తర్వాత, మాట ఏ భాషదో చూడండి. రక్తపింజర కాటేస్తే నెత్తురు గడ్డకట్టదు, అందుకే ఆ పేరంటారు. కానీ సంస్కృతంలో రక్త అంటే ఎరుపు కూడా. పింజర అంటే పసుపు కలిసిన ఎరుపు. నేను రంగు వైపే.

ఇదే పాముకి కాటుకరేకుల పొడ అనే పాత తెలుగు పేరుంది. 1780లలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్, జనం ఏమంటే అదే రాసుకుని 1796లో పుస్తకం వేశాడు. దాని వీపు మీది గోధుమరంగు మచ్చలు చూడండి, ఒక్కోదాని చుట్టూ నల్లటి అంచు. కాటుక దిద్దిన రేకులే! ఇంగ్లీషువాళ్లు ఇంత మంచి పేరు వదిలేసి రసెల్స్ వైపర్ అన్నారు.

పసుపు, నలుపు పట్టీల పామును రసెల్ 'బంగారు పాము' అని రాశాడు. కట్లపాములన్నిటికీ 'బంగారస్' అన్న శాస్త్రీయ నామం దాన్నుంచే. శాస్త్రంలోనూ మనలాగే ఇంటిపేరు ముందు. మామూలు కట్లపాము బంగారస్ సెరూలియస్. ఒంటిమీద బంగారం లేకపోయినా ఇంటిపేరు బంగారమే.

నాగు సంగతి తేలికే. సంస్కృతంలో నాగ అంటే ఏనుగు కూడా. కోబ్రా పోర్చుగీసు మాట, అర్థం పాము. కోబ్రా పాము అంటే పాము పాము!

విన్న పేరు, విన్న ఊరు నోట్‌బుక్‌లో రాసుకోండి. మొన్న రాత్రి నాచారంలో ఒక పెద్దమ్మ ఏ పేరూ చెప్పలేదు. "పురుగు వచ్చింది బిడ్డా" అంది, గొంతు తగ్గించి. రాత్రిపూట పేరెత్తకూడదట. వెళ్లి చూస్తే బియ్యం డ్రమ్ము వెనక పడగ విప్పిన నాగు. నోట్‌బుక్‌లో మాత్రం 'పురుగు, నాచారం' అనే రాశాను.